పాల్వంచ పరగణా మాజీ తహసీల్దారు వారికి బొగ్గు అర్జీ

పాల్వంచ పరగణా మాజీ తహసీల్దారు శ్రీ కంచర్ల గోపన్న గారి సముఖానికి ఖమ్మం–భద్రాచలం అడవి అంచు ప్రజలు సవినయంగా విన్నవించుకొనునది.

ఇప్పటి అధికారులను కాదని 17వ శతాబ్దపు అధికారికి అర్జీ పెట్టడానికి కారణం, అనుమతి కోసం ఆగక ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండలో చెర అనుభవించిన ఉద్యోగిగా ఈ ప్రాంతం తమరిని ఎరిగి ఉండడమే. ఈసారి అడుగుతున్నది గుడి కాదు. ఆశ్రమ పాఠశాలల వసతిగృహాల వెనుక, స్నానాల నీరూ వంటశాల నీరూ పారే చోట, ఒక్కొక్క బొగ్గు తొట్టి. దీనికి ఆ గుడికి అయ్యాయని చెప్పే ఆరు లక్షల మొహరీలు అక్కర్లేదు.

పంట కట్టెను గాలి చాలని బట్టీలో, సుమారు 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బూడిద కానీయకుండా కాల్చితే మిగిలే బొగ్గే బయోచార్. మొక్క బతికి ఉండగా నీరు నడిచిన సన్నని నాళాలు అందులో ఖాళీ గదులై మిగులుతాయి. మురుగులో కరిగిన సేంద్రియ పదార్థాలు, రంగులు, కొన్ని పురుగుమందుల అవశేషాలు ఆ గదుల గోడలకు అంటుకొని ఆగిపోవడాన్నే అధిశోషణం అంటారు. అమ్మోనియం, సీసం వంటి ధనావేశం గలవాటిని ఈ బొగ్గు బాగానే పట్టుకొంటుంది గాని, రుణావేశం గల నైట్రేటును, ఫాస్ఫేటును మాత్రం, ఇనుము లేదా మెగ్నీషియం లవణాలతో ముందుగా శుద్ధి చేయనిదే, చాలావరకు వదిలేస్తుంది. బొగ్గు పోస్తే చాలు మురుగు తీర్థమవుతుందని చెప్పే కాంట్రాక్టరు ఎదురైతే తమరు నమ్మవద్దని మనవి.

మెతుకులూ జిడ్డూ ముందొక గుంతలో తేరిన తరువాతే నీరు తొట్టిలోకి రావాలి. అడుగున కంకర, నడుమ బొగ్గు, పైన ఇసుక ఉండాలి. బొగ్గును ముందే కడగకపోతే అందులోని బూడిద నీటికి క్షారగుణం తెస్తుంది, తొలి రోజుల్లో నల్లనీళ్లే దిగుతాయి.

ముడిసరుకుకు కొరత లేదు. ఏరుడు ముగిశాక మిరప కట్టె, పత్తి కట్టె చేలలోనే తగలబడుతున్నాయి. పత్తి కట్టెను బొగ్గు చేసే డ్రమ్ము బట్టీని హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, నేల సారం కోసమే అయినా, ఎప్పుడో రూపొందించింది. అడవి కలపను మాత్రం ముట్టరాదు, ఎందుకంటే బొగ్గుకు ధర పలికిన మరునాడే నల్లమద్ది మొదట్లో గొడ్డలి పడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది: 1927 నాటి భారత అటవీ చట్టం బొగ్గును, అడవి నుంచి వచ్చినా రాకపోయినా, అటవీ ఉత్పత్తిగానే నిర్వచించింది. ఆ చూపే ఇంకా మిగిలి ఉంటే మిరప చేని బొగ్గు కూడా దారిలో ఆగిపోగలదు.

తొట్టి పల్లంలో వద్దు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. వరద పెరిగి కరకట్ట తూములు మూసినప్పుడు ఊరి నీటిని మోటార్లతో తోడి ఏటిలో పోయవలసి వస్తుంది. ఇక గదులు నిండిన బొగ్గును, వసతిగృహాల నీరే వడకట్టినదైతే, కంపోస్టులో మాగనిచ్చి చేలకు తోలవచ్చు. భారలోహాలు పట్టినదైతే చేను దరికి చేరనీయరాదు.

నకలు: అటవీ చెక్‌పోస్టుకు, బొగ్గు బండి వచ్చినప్పుడు అది ఏ కట్టె బొగ్గో అడిగి పంపగలందులకు.