పాసుబుక్కు దున్నే సేద్యం

తెలంగాణలో వ్యవసాయం చేసేది రైతేనని ఇంకా నమ్మేవాళ్లుంటే ఆ భ్రమ వదులుకోవాలి. చేసేది పట్టాదారు పాసుబుక్కు. దుక్కి దున్నేదీ, నాటేసేదీ, మోటరు పెట్టడానికి బాయికాడికి పోయేదీ అదే. అందుకే 2018 మేలో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైననాటి నుంచి పెట్టుబడి సాయం దాని పేరుకే పోతోంది. అప్పట్లో ఎకరానికి సీజనుకు 4 వేలు, తర్వాత 5 వేలు. సర్కారు మారింది, పథకం రైతు భరోసా అయింది, 2025లో 6 వేలకు చేరింది. పాసుబుక్కు మాత్రం ఉన్నచోటే ఉంది.

హైదరాబాద్ పక్కన కొంపల్లిలో ఓ పెద్దమనిషి ఉన్నాడనుకోండి. సొంతూళ్లో 40 ఎకరాలు. వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి 4 లక్షల 80 వేలు. ఆయన పెట్టుబడల్లా కౌలు వసూలుకు వచ్చేటప్పుడు కారులో పోయించుకునే డీజిలు. రెండెకరాల ఆసామికి 24 వేలు. ఎకరాలు పెరిగితే కష్టాలూ పెరుగుతాయని సర్కారు లెక్క కాబోలు.

ఆయన పొలం కౌలుకు చేసేవాడు నోరు పెగుల్చుకుని, "పటేలా, పైసలు పడ్డయంట గద, కౌలు కొంచెం తగ్గించరాదు" అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది సర్కారు నాకిచ్చింది. నీకెందుకురా?"

నిబంధనల ప్రకారం నిజమే మరి. కష్టం మాత్రం కౌలుదారుది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి ఎండకు నిలబడ్డవాళ్లలో ఈ కౌలుదారులూ ఉన్నారు. ఆ చెప్పుల లైనులో పటేలు చెప్పులు వెతక్కండి, దొరకవు.

కొత్త సర్కారు వచ్చాక గుట్టలకు, రోడ్లకు, రియల్ ఎస్టేట్ వెంచర్లకు సాయం ఇవ్వబోమంది. సంతోషం. బండరాయి సేద్యం చేయదని కనిపెట్టడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. సేద్యం చేసే మనిషెవరో కనిపెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో! 2023 ఎన్నికల్లో మాత్రం ఈ సర్కారు పెద్దలకు ఆ మనిషి బాగానే కనిపించాడు. పట్టాదారుకూ కౌలుదారుకూ ఏడాదికి ఎకరాకు 15 వేలన్నారు. 15 కాస్తా 12 అయింది, కౌలుదారు కాస్తా మాయమయ్యాడు. భూమిలేని కుటుంబమైతే ఉపాధి హామీలో 20 రోజులు మట్టి తవ్వి ఉంటే వ్యవసాయ కూలీల సాయానికి అర్జీ పెట్టుకోవచ్చన్నారు. అంటే గుంత తవ్వితే సాయముంది, వరి పండిస్తే లేదు.

కౌలుదారులను గుర్తించడం కష్టమంటారు. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో పశువుల కాపరినడిగినా చెబుతాడు. పంట నమోదుకు వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) వస్తే గెట్టు మీద నిలబడి సర్వే నంబరు చూపించేది ఎవరు, కొంపల్లి పటేలా? పహాణీలో ఒకప్పుడు అనుభవదారు కాలమ్ ఉండేది. భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చి దాన్ని ఎత్తేసింది. ముందు కాలమ్ తీసేయడం, తర్వాత మనిషి కనిపించడం లేదనడం!

రైతుబీమా 5 లక్షలకూ పాసుబుక్కే గీటురాయి. అప్పుల పాలై కౌలుదారు పురుగుల మందు తాగితే, గుంట భూమైనా తన పేర లేకపోతే, ఆ ఇంటికి బీమా రాదు. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు.

కౌలుదారులకు ఏటా గుర్తింపు కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో చట్టం చేశారు. కొత్త కమిటీలు, కొత్త సర్వేలు అక్కర్లేదు. ముందు ఆ కార్డులు ఇవ్వండి.