బొంత సూత్రానికి ‘సూదిమొన’ వ్యాఖ్య

మూలం:

“అమ్మీ, పాత చీర తే. అంచు కోసెయ్. నాలుగు మడతలేసి దగ్గర దగ్గరగా కుట్టు. జబ్లాకు గుండీ పెట్టేవు!”

అవతారిక:

సూత్రకర్త్రి రాయచూరులో స్థిరపడిన ఒక అవ్వ. పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు అది. గుడ్డ కనిపిస్తే వేళ్ల మధ్య నలిపి చూడటం అవ్వకు అక్కడే అబ్బిందని సంప్రదాయజ్ఞులు. శ్రోత, ఏడో నెల నిండిన మనవరాలు. ఫోనులో పసిపిల్లల పరుపు సెట్ల ధరలు చూస్తూ ఉండగా ఉపదేశం జరిగింది. సూత్రం గనుక చెప్పింది తక్కువ, మింగింది ఎక్కువ. కాళిదాసుకు కొలచాల మల్లినాథుడు దొరికాడు. ఆయన మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నవాడు. అవ్వకు నేను దొరికాను. నాకంత నిష్ఠ లేదు.

వ్యాఖ్య:

అమ్మీ = ఓ మనవరాలా! ఫోను కింద పెట్టు అని ధ్వని.

పాత చీర = లెక్కలేనన్ని ఉతుకులు తిన్న నూలుచీర. ‘పాత’ అన్న విశేషణంలోనే సూత్రం ప్రాణమంతా ఉంది. కొత్త గుడ్డకు గంజీ, మిగులు రంగూ, మిల్లువాళ్లు పట్టించిన మెరుగూ ఉంటాయి. ఉతికిన కొద్దీ అవి వదిలిపోయి నూలు మెత్తబడుతుంది, చెమట పీల్చడం నేర్చుకుంటుంది. పసిబిడ్డ చర్మం మనకన్నా పలుచన. పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్తబట్ట తొడగకూడదన్న ఆచారానికి కొందరు ధర్మశాస్త్రాల్లో ప్రమాణం వెతుకుతారు. అంత శ్రమ ఎందుకు? కొత్త గుడ్డ ఒకటీ, పొత్తిగుడ్డ ఒకటీ బుగ్గకు రాసుకుని చూడండి.

ఏ చీర అన్నది సూత్రంలో లేదు. రాయచూరుకు తూర్పున గద్వాల, పడమట ఇల్కల్. రెండు చోట్లా పాతకాలపు చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు ఒంటికి పట్టును మగ్గం మీదే కలపడంలో రెండు ఊళ్ల నేర్పూ ప్రసిద్ధం. నేతగాడు అంత పాటుపడి కలిపినదాన్ని మన సూత్రకర్త్రి కత్తెరతో ఒక్క నిమిషంలో విడదీయమంటోంది. అందుకే తర్వాతి మాట.

అంచు కోసెయ్ = జరీ అంచునూ కొంగునూ వేరుచెయ్. జరీ పెళ్లిలో మెరుస్తుంది, తొట్టెలో గీరుతుంది. కోసిన అంచు ఏం కావాలని అడగకండి. ఏ తెలుగింట్లోనూ అంచును పారేసిన దాఖలా లేదు. అది ఏదో ఒక సంచికి పట్టీగా తేలుతుంది.

శంక: ఇంట్లో నూలుచీరే లేదు, ఉన్నవన్నీ పాలిస్టరు. అప్పుడు సూత్రం వ్యర్థం కాదా?

సమాధానం: కాదు. ‘చీర’ ఇక్కడ ఉపలక్షణం. తాతయ్య పంచె, నాన్న లుంగీ, అమ్మ నూలు నైటీ కూడా ఆ మాటలోకి వస్తాయి. నైటీ పేరు ఏ ప్రబంధంలోనూ లేదని పండితులు ముఖం చిట్లిస్తే చిట్లించనీ. ఈ తరంలో బొంతల వంశం నిలబెడుతున్నది అదే. పాలిస్టరు మాత్రం ఎంత పాతబడ్డా పనికిరాదు. నీరు పీల్చదు, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే రాయచూరులో ఒంటికి అంటుకుంటుంది.

నాలుగు మడతలేసి = నాలుగు పొరలు వచ్చేలా పరిచి. మూడు ఎందుకు కాదు, ఎనిమిది ఎందుకు కాదు? ఎక్కువైతే మెత్తన గదా అని మనవరాలి పూర్వపక్షం. ఆమె ఇంకా బిడ్డను చూడలేదు. బిడ్డ పక్క తడుపుతుంది. పొద్దున తడిపినది సాయంత్రానికి ఆరాలి. బొంత మందాన్ని నిర్ణయించేది చలి కాదు, దండెం. నాలుగు పొరలైతే సూది సులువుగా దిగుతుంది, ఎండ అవతలి వైపుకు చేరుతుంది. ముసురు పట్టిన శ్రావణంలో మాత్రం ఏ లెక్కా నిలవదు. అప్పటికి ఇంకో రెండు బొంతలు ఉండాలి. సూత్రకర్త్రి ఆ మాట ముందుగా చెబితే మనవరాలు పారిపోతుందని దాచిందని నా అనుమానం.

దగ్గర దగ్గరగా కుట్టు = వరసకూ వరసకూ నడుమ వేలెడు ఎడం కూడా వదలక, చిన్న చిన్న పోగుకుట్టు వెయ్. కుట్టు దూరమైతే ఉతికినప్పుడు లోపలి పొర ముద్దకడుతుంది. పైగా పొడుగు కుట్లలో పసివేళ్లు ఇరుక్కుంటాయి.

ఈ కుట్టు విషయంలో రాయచూరు జిల్లా భాగ్యం చిన్నది కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట లేచాక, ఎడమకాలువ నీళ్ల వెంట కోస్తా జిల్లాల రైతులు వచ్చి సింధనూరు, మానవి వైపు క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల ఆడవాళ్లు బొంతలు తెచ్చారు. ఊళ్లోని కన్నడ ఇల్లాళ్లకు అప్పటికే కౌదులున్నాయి. ఆపైన తూర్పు బెంగాల్ శరణార్థులకు సింధనూరు దగ్గరే క్యాంపులు వెలిశాయి. వాళ్ల భాషలో అదే పనికి కాంథా అని పేరు. ఒక్క తాలూకాలో మూడు భాషల వాళ్లు, పాత చీరలు, అదే పోగుకుట్టు. పశ్చిమ కనుమల్లో ఎల్లాపుర, హళియాళ వైపు సిద్దీ స్త్రీల కవందిలోనూ ఇదే కుట్టు. వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. నాలుగు మూలలా మడతపెట్టిన ముక్కలతో ‘పూలు’ కుట్టకపోతే కవంది బట్టకట్టనట్టేనని వాళ్ల పట్టు. అవ్వకు ఈ సంగతి చెబితే, “మూలకు పువ్వుంటే పిల్లది నోట్లో పెట్టుకుంటది” అంది. శాఖాభేదం.

ప్రసంగవశాత్తూ ఒక అభ్యంతరం. పత్రికలవాళ్లు పడిపోబోయే సంకీర్ణ ప్రభుత్వాన్ని ‘అతుకుల బొంత’ అంటారు. వీళ్లెవరూ బొంతను పిండి ఆరేసినవాళ్లు కారు. సరిగా కుట్టిన బొంత ఇద్దరు ముగ్గురు పిల్లల్ని దాటుతుంది. ఏ మంత్రివర్గం దాటిందో చెప్పమనండి.

జబ్లాకు గుండీ పెట్టేవు = ఇక్కడ వ్యాకరణం చదివినవాళ్లు జారిపడతారు. రూపం చూస్తే, ముందు జరగబోయేది చెప్పే మామూలు క్రియ. అర్థం కఠిన నిషేధం. “పడేవు” అంటే పడొద్దని, “చెప్పేవు” అంటే చెప్పావో అయిపోయావని. కాకువు చేత, అనగా గొంతు చేత తెలియాలి. రాతలో ఆశ్చర్యార్థకమే దిక్కు.

నిషేధానికి కారణాలు: ఊడిన గుండీ తిన్నగా నోట్లోకి పోతుంది, గొంతులో అడ్డుపడుతుంది. నాలుగైదు నెలలు వచ్చేసరికి పిల్లలు లోకాన్నంతా నోటితోనే పరీక్షిస్తారు. రెండోది, పుట్టిన బిడ్డ నిడివిలో సుమారు నాలుగో వంతు తలే. తలమీదుగా దిగే చొక్కా మెడ దగ్గర మొరాయిస్తుంది. కాబట్టి జబ్లా ముందు తెరుచుకోవాలి, ఒక పక్క మీద ఇంకో పక్క కప్పాలి, చంక కింద నాడాతో ముడి పడాలి. బిడ్డ బరువు అయిదో నెలకు రెట్టింపు కావస్తుంది. గుండీ వేసిన చోటే ఉంటుంది, నాడా బిడ్డతోపాటు జరుగుతుంది. నాడా పొట్టిగా ఉండాలి, మెడ దగ్గర అసలే కూడదు. కుట్టు మడత బయటికి రావాలి. చూసేవాళ్లు జబ్లా తిరగేసి తొడిగారంటారు. అననివ్వండి.

పాఠాంతరం:

“కుల్లాయి మరిచేవు!” అని కొన్ని ప్రతుల్లో అధికం. ఇది అవ్వ మాట కాదు, కన్నడింటి వియ్యపురాలి ప్రక్షిప్తం. ఆమె దాన్ని కులావి అంటుంది. 1520లో రాయచూరు కోట కోసం కృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడ్డ తర్వాత ఈ ఊళ్లో అంత పట్టుదల ఈ టోపీ మీదే చూశాను. కన్నడ రాజసభలో కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని శ్రీనాథుడు చాటువు చెప్పి మొరపెట్టుకున్నాడని ప్రసిద్ధి. పసివాళ్లకు చాటువు రాదు, పీకి పారేస్తారు. వాళ్ల పక్షాన వైద్యులున్నారు: నిద్రలో తలకు టోపీ వద్దు, ఒళ్లు వేడెక్కుతుంది. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకోవచ్చునని ఉభయ పక్షాలకూ రాజీ.

వైద్యులు ఇంకొకటీ చెబుతారు. ఏడాది లోపు బిడ్డను గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, వదులుగా ఏదీ కప్పకూడదు. కాబట్టి ‘బొంత’ అంటే కింద చదునుగా పరిచేదే. పైన కప్పేదని చెప్పిన పూర్వ వ్యాఖ్యానాలను తోసిపుచ్చాను.

చివరి శంక మనవరాలిదే: “అవ్వా, ఇదంతా మిషను మీద కుడితే?” జబ్లాకు అభ్యంతరం లేదు. బొంతకే వచ్చింది చిక్కు. మెత్తబడ్డ పాతగుడ్డ నాలుగు పొరలు పాదం కింద పెడితే కింది పొర ముందుకు పాకుతుంది, పై పొర వెనకబడుతుంది, మూల చేరేసరికి జానెడు ముడత. ఇంత వివరం అవ్వ చెప్పలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, “కుట్టుకో. విప్పేటప్పుడు నన్ను పిలిచేవు!” అంది.