సీమ ఎండలో చేదు చాక్లెట్: రుచి చూసే విధానం

85 శాతం చాక్లెట్‌ను తినకూడదు, 'ఆస్వాదించాలి'. తినడం మామూలు మనుషుల పని. కర్నూలు, కడపల్లో ఈ విద్య అబ్బాలంటే కింది నియమాలు తప్పవు.

1. కొనడానికి మే నెలే మంచిది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన దగ్గర మేలో నీడపట్టునే 40 దాటుతుంది. కొండారెడ్డి బురుజు దగ్గర కొన్న చాక్లెట్ ఇల్లు చేరేలోపు పానకమైతే దిగులొద్దు, ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టిపడ్డాక పైన తెల్లపొర కడుతుంది. అది బూజు కాదు. కరిగిన వెన్న పైకి తేలి మళ్లీ గడ్డకట్టిందంతే. చుట్టాలతో మాత్రం "ఫారిన్ సరుకు ఇట్లే ఉంటాది" అనండి.

2. అట్ట మీది శాతాన్ని అందరికీ కనబడేలా పట్టుకోండి. నిజానికి అది చేదుకు వేసిన మార్కు కాదు. కోకో ముద్ద, కోకో వెన్న కలిపి 85 వంతులని అర్థం. మిగతాది దాదాపు చక్కెరే. అందులో వెన్న వాటా ఎక్కువైతే చేదు తగ్గుతుంది. ఈ సంగతి పక్కింటాయనకు చెప్పకండి, మీ గౌరవం తగ్గుతుంది.

3. చెవి దగ్గర పెట్టుకుని విరవండి. 'టక్'మనాలి. కరెంటు పోయి ఏసీ ఆగితే ఈ నియమం వదిలేసి చెంచా తెచ్చుకోండి.

4. కళ్లు మూసుకుని వాసన చూసి "ఎండుద్రాక్ష, పొగాకు, తడిమట్టి" అని గొణగండి. పొద్దున ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నంజుకున్న నాలుకకు ఇవేవీ దొరకవు. అయినా గొణగండి.

5. గింజ ఏ ఊరిదో అడగండి. ఈక్వెడార్ అంటే తలాడించండి. ఏలూరు జిల్లా అంటే పెదవి విరవండి. కానీ దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన అంతరపంటగా వేస్తారు. గింజల్ని కొన్నాళ్లు పులియబెట్టి ఎండబెడతారు. చేదు, వగరు తగ్గి చాక్లెట్ వాసనకు పునాది పడేది అక్కడే. ఆ గోదావరి గింజలతో చాక్లెట్ చేసే హైదరాబాద్‌లోని 'మనం చాక్లెట్ కార్ఖానా'ను 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలోని గొప్ప చోట్ల జాబితాలో చేర్చింది. అమెరికావాళ్లు ఒప్పుకున్నారు గనుక విరిచిన పెదవిని ఇక సర్దుకోవచ్చు.

6. జేజికి మాత్రం పెట్టకండి. "ఏందిరా అబ్బీ, చేదు తినేదానికి దుడ్లిచ్చి కొన్నావా? వాకిట్లో యాపచెట్టు పెట్టుకోని!" అంటుంది. వేపపుల్లతో పళ్లు తోమి, జొన్నరొట్టెతో కాకరకాయ కూర తిన్న మనిషి. ఆమె ముందు మన 85 శాతం ఏ మూలకు?

ఇంత తతంగం మీవల్ల కాదంటే తేలిక దారి ఒకటుంది. డిసెంబరులో కొనండి. చిన్న ముక్కను నమలకుండా నాలుక మీద కరగనివ్వండి. నచ్చితే ఇంకో ముక్క తినండి. నచ్చకపోతే చేదుగా ఉందని చెప్పేయండి. సీమలో చేదును చేదనడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.