మూడోవాడు మంచోడే గానీ...

మన ఓటరు మూడో పార్టీవాణ్ణి పల్లెత్తు మాట అనడు. "చదువుకున్నోడు, లంచం ముట్టనోడు, పాపం మంచోడండీ" అంటాడు. అని, పోలింగ్ రోజు వెళ్లి మిగతా ఇద్దరిలో ఒకడికి నొక్కేసి వస్తాడు. అదేమయ్యా అంటే, "నాకిష్టమేనండీ, పక్కింటాయన వెయ్యడుగా!" పక్కింటాయన్ని అడగండి. ఆయనకీ ఇష్టమేనట, ఈయన వెయ్యడని అనుమానమట. అలా ఊరంతా మెచ్చిన మనిషికి ఆరో వంతు ఓట్లయినా రాక డిపాజిట్ గల్లంతవుతుంది. లోక్‌సత్తానే తీసుకోండి, అప్పట్లో ఆ పార్టీ గుర్తు ఈల. 2009లో ఉమ్మడి రాష్ట్రమంతా మెచ్చి ఈల వేసింది గానీ, గెలిచింది కూకట్‌పల్లిలో పార్టీ అధినేత జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే.

పార్టీ పెట్టే ప్రతి హీరోకీ ఎన్టీఆరే గుర్తొస్తారు. 1982 మార్చిలో పార్టీ, 1983 జనవరిలో ముఖ్యమంత్రి పీఠం! ఒక్క సంగతి మాత్రం గుర్తురాదు. అప్పటికి కాంగ్రెస్‌కు ఎదురు నిలవాల్సిన జనతా పార్టీ ముక్కలైపోయింది. రెండో సీటు ఖాళీ. ఆయన కిటికీలోంచి తువ్వాలు వేశారు, కూర్చున్నారు. తర్వాత బస్సెక్కినవాళ్లకు దొరికింది ఫుట్‌బోర్డే.

2009లో చిరంజీవి ప్రజారాజ్యానికి 16 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఆ లెక్కన 294 సీట్లలో 47 దాకా రావాలి. వచ్చినవి 18. లోక్‌సభకు సున్నా. ఆ పార్టీ చేసిన తప్పల్లా రాష్ట్రం నలుమూలలా అభిమానులుండటం! అదే ఎన్నికల్లో మజ్లిస్, హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కలే నమ్ముకుని, ఒక్క శాతమైనా నిండని ఓట్లతో 7 సీట్లు పట్టుకుపోయింది. మార్పు తెస్తానని వచ్చిన ప్రజారాజ్యం 2011లో తనే మారి కాంగ్రెస్‌లో కలిసింది. మరుసటి ఏడాది అధినేత కేంద్రమంత్రి.

తమ్ముడు పవన్ కల్యాణ్ 2019లో తెలుగుదేశాన్నీ వైసీపీనీ కాదని బరిలో దిగితే జనసేనకు దక్కింది రాజోలు ఒక్కటే. తనే భీమవరం, గాజువాక రెండు చోట్లా ఓడారు. పైగా ఓట్లు చీల్చాడన్న నింద. దాంతో ఆయనే ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని ఒట్టు పెట్టుకుని, 2024లో పొత్తులో 21 చోట్ల పోటీ చేశారు. ఇరవై ఒక్కటీ గెలిచారు. పోటీ తగ్గించుకుంటే గెలుపు పెరుగుతుందన్న ఈ గణితం ఏ బళ్లోనూ చెప్పరు.

ఇప్పుడెవరైనా కొత్త పార్టీ పెడుతున్నారంటే పెద్ద పార్టీలు కంగారుపడవు. ముందు కులాలవారీగా, నియోజకవర్గాలవారీగా లెక్క కడతాయి. చీలేవి అవతలివాడి ఓట్లయితే, ప్రజాస్వామ్యానికి కొత్త రక్తం వచ్చిందంటాయి. తమవైతే, అవతలివాడి బీ టీమ్ అంటాయి.