మార్కులేసేది ఊరే

ఈ కాలం పిల్లలు ఊరు చూడకముందే ఇల్లు చూస్తారు, ఇల్లు చూడకముందే దాని ఫోటోలు చూస్తారు. మా వాడికి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని దొరికింది. సంసారం యాడ పెట్టాలా అని మొగుడూ పెళ్లాలిద్దరూ కూచుని కాగితం మీద గళ్లు గీసుకున్నారు. ఒక గడి పెనుకొండ, ఒకటి హిందూపురం, ఒకటి ధర్మవరం. పక్కన బడి, ఆసుపత్రి, నీళ్లు, పెట్రోలు ఖర్చు, ఇంటర్నెట్టు, బిర్యానీ ఇంటికి తెచ్చిస్తారా లేదా. ఒక్కోదానికి పదికిన్ని అని మార్కులు. మూడూళ్లలోనూ తపాలా ఉద్యోగం వెలగబెట్టినవాణ్ని ఆ పక్కనే మంచం మీద కూచునే ఉన్నా. నన్నడిగినోళ్లు లేరు. అడక్కపోయినా చెప్తా.

మా రోజుల్లో మార్కులు మేం వెయ్యలేదప్పా. ఊరే మాకు వేసేది.

ట్రాన్స్‌ఫర్ ఆర్డరొస్తే ముందు నేనొక్కణ్నే పోయేవాణ్ని. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, మీటర్ గేజి రైలు. దిగినాక ఎవరో ఒక సాటి ఉద్యోగి ఇంటి వసారాలో పడక. సాయంత్రమైతే వీధులు తిరగడం. 'టు లెట్' బోర్డులు యాడుండేవి? అంగట్లోనో, కాఫీ హోటల్లోనో నిలబడి "బాడుగిల్లేమన్నా ఉందా సామీ?" అనాలి. ఉందనీ లేదనీ చెప్పకముందే పరీక్ష మొదలయ్యేది. మీదే ఊరు? మీ నాయనేం చేస్తాడు? పిల్లోళ్లెంతమంది? ఉద్యోగం పర్మనెంటేనా? సాయంకాలం పూట అలవాట్లేమన్నా ఉండాయా? జవాబులు నచ్చితే అప్పుడు, "మూడో సందులో వెనక పోర్షను ఖాళీగా ఉంది, నా పేరు చెప్పు" అనేవాడు.

ఆ మాటన్న మనిషే మనకు పూచీ. మనం బాడుగ ఎగ్గొడితే తలవంపులు ఆయనకు. ఆయన మొహం చూసైనా ఒద్దికగా ఉండాల్సొచ్చేది. ఇప్పుడు బెంగుళూరు పద్ధతి ఇక్కడికీ పాకింది. నెలల తరబడి బాడుగ ముందే అడ్వాన్సుగా గుంజుకుంటారు. డబ్బే పూచీ ఉన్నప్పుడు మనిషి పూచీ ఎవరికి కావాల?

ఇంకో రహస్యం. ఆ రోజుల్లో కొత్తూళ్లో ఏ వీధి మంచిదో తెలుసుకోవాలంటే పోస్టుమ్యాన్‌ని పట్టుకోవాల. ఏ ఇంటికి మనియార్డర్లొస్తాయి, ఏ ఇంటికి కోర్టు నోటీసులొస్తాయి, ఏ ఇంట్లో ఉత్తరం చదివిపెట్టమని కూచోబెట్టి మజ్జిగిస్తారు, అన్నీ ఆయనకు తెలుసు. ఇప్పుడు డెలివరీ పిల్లోడు గేటు కాడ వాచ్‌మన్‌కి పొట్లమిచ్చి పోతాడు. వానికేం తెలుస్తుంది పాపం, ఓటీపీ తప్ప.

హిందూపురంలో ఇల్లు చూడ్డమంటే నీళ్లు చూడ్డమే. పెన్న పక్కనే పారుతుందని పుస్తకాల్లో ఉంటుంది, మాకు కనపడిందంతా ఇసుకే. ఇంటాయన "నీళ్లకేం కరువు సామీ" అంటాడు, ఆయన మాట నమ్మకూడదు. వీధి కొళాయి కాడ బిందెల వరస ఎంత పొడుగుందో చూడాల. వరసలో ఉన్న అవ్వనడిగితే ఎన్నాళ్లకొకసారి నీళ్లొదుల్తారో, ఏ బోరు ఎండిందో, ఎవరి బావిలో చేదుకోనిస్తారో పూసగుచ్చినట్టు చెప్పేది. తర్వాత గాలి చూడాల. ఎండుమిరపకాయల కాలంలో మార్కెట్‌యార్డు వైపు నుంచి గాలి తోలిందంటే దగ్గుతానే అన్నం తినాల. చింతపండు కాలంలో ఆ సందుల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూచుని గింజలు కొడతాంటారు. కొత్తగా దిగినామె వాళ్ల పక్కన కాసేపు కూచుందంటే చాలు, ఊరి సంగతులన్నీ ఇంటికి చేరినట్టే.

పరాయోళ్లను ఒప్పుకోని ఊరు కాదది. యాడో కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావుకు 1985, 1989, 1994లో మూడుసార్లు మార్కులేసి గెలిపించింది. ఆయన కొడుకు బాలకృష్ణను 2014 నుంచి వరసగా గెలిపిస్తానే ఉంది. కొత్త జిల్లా కేంద్రం మాకే రావాలని ఊరంతా రోడ్డెక్కినా 2022 ఏప్రిల్లో అది పుట్టపర్తికే పోయింది, అది వేరే ఏడుపు. ఇప్పుడు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి పైపులొచ్చినాయి, మంచిదే. అయినా మా కోడలు గడిలో నీళ్లకు పదికి తొమ్మిదేసింది ఆ పైపును చూసి కాదు, "24 గంటల నీటి సదుపాయం" అని ప్రకటనలో ఉందని. అది బోరు నీళ్లా, ట్యాంకరు నీళ్లా అని అడిగిందా? లేదు.

ధర్మవరంలో లెక్క వేరే. అక్కడ ఇల్లు వెతికేది మనుషుల కోసం కాదు, మగ్గం కోసం. గుంత మగ్గమంటే నేలలో గుంత తీసి, అందులో కాళ్లు పెట్టుకుని తొక్కే మగ్గం. అచ్చు పరుచుకునే పొడుగుండాల. పైన జాకార్డు పెట్టాలంటే కప్పు ఎత్తుండాల. పల్లంలో ఇల్లయితే వానాకాలం గుంతలో చెమ్మ ఊరి పని ఆగిపోతుంది, పని ఆగితే కూలి ఆగుతుంది. అందుకని వేరే ఊర్నుంచి వచ్చిన నేతగాడు ముందు నేల తడిమి చూసేవాడు, తర్వాత గోడలు. ఇంటాయన గుంత తియ్యనిస్తాడా, పొద్దున్నే మగ్గం చప్పుడుకు పక్కింటాయన గొణుగుతాడా, కండెలు చుట్టేవాళ్లు, అచ్చులతికేవాళ్లు, రంగులద్దేవాళ్లు నడిచే దూరంలో ఉండారా, ఇవీ వాళ్ల గళ్లు. కాగితం మీద గీసుకోలేదు, అంతే తేడా. చేతి మగ్గానికని కొన్ని రకాల బట్టలు వేరుచేస్తూ 1985లో చట్టం తెచ్చినారు. అయినా పవర్‌లూములొచ్చి కూచున్నాయి. ఇప్పుడు ఇల్లు చూడబోయినవాడు గుంతుందా అని కాదు, పక్కింట్లో మోటారు మగ్గాలెన్ని అని అడగాల. ఆ చప్పుడు ఏ ఫోటోలో వినపడుతుంది?

ఇక పెనుకొండ. ఇల్లు మారినోళ్లందరికీ పెద్దాయన తిరుమలరాయలు. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో ఓడినాక విజయనగరం ఖజానాను ఏనుగులకెక్కించి, రాజకుటుంబంతో సహా పెనుకొండకొచ్చాడు. ప్యాకర్స్ అండ్ మూవర్స్ లేని కాలం. ఈ ఊరే ఎందుకు? కొండమీద కోట ఉంది, నిజమే. అంతకుమించి, బుక్కరాయల కొడుకు పాలించిన కాలం నుంచీ ఈ ఊరు వాళ్లకు తెలుసు, ఈ ఊరికి వాళ్లు తెలుసు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ ఇక్కడి కోశాధికారే అంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు రాయలు కూడా తెలిసినవాళ్లున్న చోటికే పోయినాడు గానీ, మార్కులెక్కువొచ్చిన చోటికి కాదు.

మళ్లీ 2017లో కొరియా కార్ల కంపెనీ కియా వాళ్లొచ్చి ఎర్రమంచి కాడ ఫ్యాక్టరీకి ఒప్పందం రాసుకున్నారు. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. దాంతోపాటు ఇళ్ల బాడుగలు కూడా కొండెక్కినాయి. బాబయ్య దర్గా ఉరుసుకు జనమొస్తే తప్ప నిండని ఊళ్లో కొరియా లిపిలో బోర్డులు పడినాయి. ఆ కొరియావాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తెలిసినోళ్లకు దగ్గర్లో దిగుతారు, వాళ్ల కూడు వండేచోట కలిసి తింటారు, కొత్తగా వచ్చినవాణ్ని పాతవాడు వెంటబెట్టుకు తిరుగుతాడు. అచ్చం మా పద్ధతే! మన పిల్లలేమో మొగుడు ఇక్కడ, బడి కోసం పెళ్లాం బిడ్డలు బెంగుళూర్లో, ముసలోళ్లు ఊళ్లో. దీన్ని ఊరు మారడమంటారా? సంసారాన్ని పంచిపెట్టడమంటారు.

అంతా బంగారమే అని నేననను. ఆ పరీక్షలో అడక్కుండా వదలని ప్రశ్న ఒకటుండేది, కులం. "మీరేమిట్లు?" అని నేరుగా అడిగేవాళ్లు కొందరు, ఇంటిపేరడిగి చుట్టు తిప్పేవాళ్లు కొందరు. నాతో పనిచేసిన ఒకాయనకు పర్మనెంటు ఉద్యోగం, బుద్ధిమంతుడు, తాగడు. వీధి వీధీ తిరిగి చివరకు ఊరి అంచున కాలనీలో దిగాల్సొచ్చింది. ప్రశ్నపత్రం చేతికివ్వకుండానే సున్నా వేసినారు ఆయనకు. ఊరి పెద్దరికం అంటే అదీ ఉంది, దాచేదేం లేదు. ఫోన్లో వెతికితే ఆ పీడ పోయిందనుకుంటున్నారేమో. "వెజిటేరియన్ ఫ్యామిలీ ఓన్లీ" అని రాసుంటుంది, చదువుకోండి. అడిగే నోరు మారింది, అంతే.

ఇదంతా వింటా మా ఇంటామె ఊరుకోలేదు. "ఊరు మార్కులేసింది నాకు, మీక్కాదు. కొళాయి కాడ నిలబడింది నేను, పక్కింట్లో కాఫీపొడి బదులడిగింది నేను, ఇంటాయమ్మ మాటలు పడింది నేను. మీరు స్టాంపులు కొట్టుకుంటా కూచున్నారు" అనింది. అనీ, కోడలి వైపు తిరిగి "నీళ్లు లోపలికొచ్చే ఇల్లే చూడమ్మా" అనింది. సరే, అననీ. అంత తిట్టినామె ఈ పొద్దుక్కూడా ఆ ధర్మవరం పక్కింటామెతో ఆదివారమొస్తే గంటసేపు ఫోన్లో మాట్లాడుతుంది. పది నెలల అడ్వాన్సు కట్టినోళ్లకు అట్లా మాట్లాడేందుకు ఒక్క మనిషన్నా మిగుల్తుందా?

గళ్లు గీసుకోండి నాయనా, వద్దనను. బడి చూడండి, ఆసుపత్రి చూడండి. ఆ తర్వాత ఒక పని చెయ్యండి. ఏ వీధికి మార్కులెక్కువొస్తే ఆ వీధికి పొద్దుగూకే వేళ ఫోను జేబులో పెట్టుకుని పోయి, ఊరకే నిలబడండి. ఎవరో ఒకరు బయటికొచ్చి "ఎవరు కావాలప్పా?" అని అడిగితే ఆ ఇల్లు పట్టండి, నీళ్లు కాస్త తక్కువైనా సరే. అరగంట నిలబడినా ఒక్కరూ అడక్కపోతే అడ్వాన్సు కట్టొద్దు.