మా ఇంటి సిమ్‌ల వాటా ఎక్కువైంది, ఏం చేయమంటారు?

టెలికాం శాఖ వారికి,
సంచార్ భవన్, న్యూఢిల్లీ.

అయ్యా,

మా ఇంట్లో నాలుగు సిమ్‌లు. అందులో మూడు ఒకే కంపెనీవి. అంటే 75 శాతం వాటా. 2014 ఫిబ్రవరిలో మీరిచ్చిన విలీన మార్గదర్శకాల ప్రకారం, కలిసిపోయిన కంపెనీ వాటా ఏ సర్కిల్లోనూ 50 శాతం దాటకూడదు. చందాదారుల్లోనైనా, ఆదాయంలోనైనా అంతే. దాటితే ఏడాదిలోగా తగ్గించుకోవాలి. మా ఆవిడ సిమ్ మార్పించమంటారా, అబ్బాయిదా? సెలవివ్వండి.

అసలు చందాదారుల్ని తగ్గించుకోవడం ఎలాగండీ? కంపెనీవాళ్లే ఫోన్ చేసి, "మీరు మాకు ఎక్కువైపోయారు, పక్క కంపెనీకి దయచేయండి" అంటారా? వోడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒకటయ్యాయి. అప్పటికి 40 కోట్ల పైచిలుకు చందాదారులతో దేశంలో వాళ్లే నంబర్ వన్. అనుమతి చేతికిచ్చే ముందు మీరు 7,268 కోట్లు అడిగారు, సగానికి పైగా నగదు, మిగతాది బ్యాంకు గ్యారంటీ. అభ్యంతరం చెబుతూనే కట్టారు పాపం. ఇప్పుడు ఆ చందాదారుల్లో మిగిలింది ఇంచుమించు సగం. మీ నిబంధనను ఇంత నిష్ఠగా పాటించిన కంపెనీ ఇంకోటి చూపించండి!

కలిసేవాళ్లకు మీరున్నారు, పోటీ కమిషన్ (సీసీఐ) ఉంది, కంపెనీ లా ట్రిబ్యునల్ ఉంది. మూతపడేవాళ్లను మాత్రం వాటా ఎంతని అడిగే నాథుడు లేడు. ఎయిర్‌సెల్, ఆర్‌కామ్ దివాలా తీశాయి. టెలినార్, టాటా డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. మన కిరాణా కొట్ల షట్టర్ల మీద ఆ రంగులు అక్కడక్కడా ఇంకా వెలిసిపోతూనే ఉన్నాయి. (అన్నట్టు, రాష్ట్రం రెండై ఇన్నేళ్లయినా మీ లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఒకటే సర్కిల్. విడిపోవడానికి మీ దగ్గర ఫారం లేదేమో.) చివరికి మిగిలింది ముగ్గురు ప్రైవేటువాళ్లూ, బీఎస్ఎన్ఎల్. ఇద్దరు చెరో 40 శాతం పంచుకున్నా మీ 50 శాతం గీతకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. 2024 జూన్ ఆఖర్లో ఆ ముగ్గురూ రెండు రోజుల వ్యవధిలో రేట్లు పెంచుతున్నామని ప్రకటించారు. అంత ఐకమత్యం ఒకే కంపెనీ ఆఫీసులో కూడా కనబడదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇక అసలు సందేహం. 2025 ఏప్రిల్‌లో వోడాఫోన్ ఐడియా మీకివ్వాల్సిన స్పెక్ట్రం బాకీలో 36,950 కోట్లకు షేర్లు పుచ్చుకున్నారు. దాంతో మీ వాటా 49 శాతం దగ్గరికొచ్చింది. 50కి ఒక్క మెట్టు కింద ఆగారు, ఎంతైనా గీత గీసినవారు కదా. బీఎస్ఎన్ఎల్ ఎటూ మీదే. స్పెక్ట్రం వేలం వేసేది మీరు, బాకీ వసూలు చేసేది మీరు, విలీనాలకు సరేననేదీ మీరే. రేపు వోడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ కలుస్తామంటే దరఖాస్తు ఎవరు ఎవరికి పెట్టుకోవాలి? సంచార్ భవన్‌లో ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకి? చార్జీల సంగతి మీలో మీరు చూసుకోండి గానీ, బ్యాంకు గ్యారంటీ మాత్రం వదలకండి. ఎంత సొంతవాళ్లయినా కాగితం కాగితమే.

ఇట్లు,
28 రోజుల వ్యాలిడిటీ గల పౌరుడు