కంపెనీ గారిది ఏ ఊరు?

అమెరికాలో మనిషి పౌరుడు కావాలంటే ఎన్నేళ్లు పడుతుందో, గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరిసిన మన హెచ్‌-1బీ కుర్రాళ్లనడగండి. కంపెనీకి ఆ తిప్పలు లేవు. మామూలు ఫీజు మీద ఇంకో వెయ్యి డాలర్లు పారేస్తే డెలావేర్‌లో గంటలో పుట్టేస్తుంది. పుట్టిన క్షణం నుంచే ఆ రాష్ట్ర పౌరుడు. ఇంటర్వ్యూ లేదు, వేలిముద్రలు లేవు, చెయ్యెత్తి ప్రమాణం చెయ్యనక్కర్లేదు.

ఓటెయ్యని దానికి పౌరసత్వం ఎందుకంటారా? కోర్టుకెళ్లడానికి. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. పొరుగు రాష్ట్రం వాడు వచ్చి దావా వేస్తే స్థానిక జడ్జి తన ఊరివాడి కొమ్ము కాస్తాడేమోనని, అలాంటి తగాదాలకు 1789లోనే ఫెడరల్ కోర్టు తలుపు తెరిచారు. అప్పుడు గొడవ విలువ 500 డాలర్లు దాటితే చాలు, ఇప్పుడు 75,000 దాటాలి. వాదుల్లో ఒక్కడూ ప్రతివాదుల్లో ఒక్కడూ ఒకే రాష్ట్రం వాళ్లని తేలిందా, తలుపు మూసేస్తారు. పరాయి ఊళ్లో దిక్కులేని బాటసారి కోసం కట్టిన సత్రమన్నమాట. అందులో ఊరి మోతుబరి మకాం ఎలా పెట్టాడన్నదే అసలు కథ.

1809లో సుప్రీంకోర్టు, కంపెనీ కంటికి కనబడదు కాబట్టి దాని వెనకున్న మనుషులు ఏ రాష్ట్రం వాళ్లో చూడమంది. ఇంతలో రైళ్లొచ్చాయి. వాటాదార్లు దేశమంతా ఉన్నారు. ఎవరి మీద కేసైనా అవతలి పక్షం రాష్ట్రం వాడొకడు వీళ్లలో తేలేవాడు. రైలు కంపెనీలు అంతలా అవస్థ పడుతుంటే పెద్దలు చూస్తూ ఊరుకుంటారా? 1844లో, కంపెనీ ఎక్కడ పుడితే అక్కడి పౌరుడే అన్నారు. మరో పదేళ్లకు దాన్ని సవరించి, వాటాదార్లంతా కంపెనీ పుట్టిన రాష్ట్రం వాళ్లేనని అనుకుందాం అన్నారు. కాదని రుజువు తెస్తామన్నా వినరు. అనుకున్నాం కదా, అంతే.

అదే తలుపు ఇంకొకాయన కూడా తట్టాడు. పేరు డ్రెడ్ స్కాట్. నేను మిస్సోరి పౌరుణ్ని, ప్రతివాది న్యూయార్క్ వాడు, నన్ను బానిసత్వం నుంచి విడిపించండి అన్నాడు. 1857లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టానీ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతికి పౌరసత్వం ఉండదు, కాబట్టి నీ కేసు ఇక్కడ నడవదు అన్నాడు. 1844లో రైలు కంపెనీని పౌరుణ్ని చేసిన నాటికీ ప్రధాన న్యాయమూర్తి ఈ టానీయే. వ్యంగ్యం రాసి పొట్టపోసుకునేవాళ్లకు కోర్టువారు మిగిల్చింది ఏమీ లేదు.

ఇక టాక్సీల ముచ్చట. కెంటకీలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరు. అక్కడి రైల్వే స్టేషన్లో దిగినవాళ్లను ఎక్కించుకునే హక్కు ఒక్క బ్రౌన్ అండ్ ఎల్లో కంపెనీదే అని రైల్వేతో ఒప్పందం. బ్లాక్ అండ్ వైట్ వాళ్లు పోటీకొచ్చారు. కోర్టుకెళ్దామంటే, ఇలాంటి గుత్త ఒప్పందాలు చెల్లవని కెంటకీ కోర్టులు అంతకుముందే తేల్చేశాయి. ఫెడరల్ కోర్టైతే తన సొంత న్యాయం తాను చూసుకుంటుంది. కానీ రెండూ కెంటకీ కంపెనీలే! బ్రౌన్ అండ్ ఎల్లో వాళ్లు ఏం చేశారు? పాత కంపెనీని చంపేసి, అదే పేరుతో పక్కనున్న టెనెసీలో మళ్లీ పుట్టించారు. అవే కార్లు, అదే స్టేషను, అవే బేరాలు. రాష్ట్రం మాత్రం పరాయిది. 1928లో సుప్రీంకోర్టు ఈ పునర్జన్మలో తప్పేమీ లేదంది. జడ్జి హోమ్స్ ఒప్పుకోక వేరే తీర్పు రాశాడు. పదేళ్లకు, ఇలాంటి కేసుల్లో ఫెడరల్ కోర్టు కూడా రాష్ట్ర న్యాయాన్నే పాటించాలని అదే కోర్టు నాలిక్కరుచుకుంది.

1958లో అమెరికా కాంగ్రెస్, పుట్టిన చోటుతో పాటు ముఖ్య వ్యాపార స్థలం కూడా లెక్కేనంది. ఆ స్థలం ఏదో తేల్చడానికి ఇంకో యాభై ఏళ్లు కొట్టుకున్నారు. హెర్ట్జ్ అద్దెకార్ల కంపెనీ మీద కాలిఫోర్నియా ఉద్యోగులు జీతాల కోసం దావా వేస్తే, మా మెదడు న్యూజెర్సీలో ఉందని కంపెనీ వాదించింది. 2010లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా సరేనన్నారు. పెద్ద దొరలు కూర్చుని ఆజ్ఞలిచ్చేదే కంపెనీ ఊరు. కార్లు కడిగేవాళ్ల ఊరు ఎవడిక్కావాలి?

ఈ భోగమంతా కార్పొరేషన్లకే. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) అని బోర్డు పెట్టుకున్నారో, మళ్లీ 1809కే. వాటాదార్లందరి పౌరసత్వాలూ దాని నెత్తినే. మచ్చుకి, డాలస్‌లో మనవాడొకడు బావతో కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టాడనుకోండి. బావ అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో తిరిగొచ్చి గచ్చిబౌలిలో స్థిరపడ్డాడు. అమెరికా పౌరుడు కాబట్టి విదేశీయుడు కాడు. ఏ రాష్ట్రంలోనూ కాపురం లేదు కాబట్టి ఏ రాష్ట్ర పౌరుడూ కాడు. వెనెజులాలో కాపురమున్న ఒక అమెరికన్ విషయంలో 1989లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రెంటికీ చెడ్డ రేవడి ఒక్కడుంటే చాలు, పరాయి రాష్ట్రమన్న సాకుతో ఆ కంపెనీ ఫెడరల్ గడప తొక్కలేదు. నెగ్గిన తీర్పు కూడా అప్పీల్లో ఎగిరిపోవచ్చు. అందుకే 2022 డిసెంబరు నుంచి ఎవరు ఏ రాష్ట్రం వాళ్లో మొదటి కాగితంతో పాటే రాసివ్వమంటున్నారు. బావ కాపురం ఎక్కడన్నది ఆయన మనసులో ఎక్కడ ఉండిపోవాలనుకుంటున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది మరి. గంటకింతని పుచ్చుకునే లాయరు పక్కన కూర్చుని ఉండగా డాలస్ నుంచి ఫోన్ వెళ్తుంది.

"బావా, నువ్వక్కడే ఉండిపోతావా, తిరిగొస్తావా?"

"ఏమోరా, మామిడిపళ్ల సీజనైపోనీ, చూద్దాం."